భద్రాద్రిలో మూడు దినములు

భద్రాచలయాత్ర యనగా మనవారికి గోదావరీస్నానము, స్వామిదర్శనము, ప్రసాదము, తిరుగు ప్రయాణము. పాల్వంచ పరగణా తహసీలుదారుగా నుండి రామదాసుగారు కట్టించిన కోవెలను కన్నులార జూచుట భాగ్యమే. కాని యంతదూరము పోయి, మరునాడే యింటిపొయ్యి జ్ఞప్తికి వచ్చి మరలుట నాకు నచ్చదు. ఊరిలో విడిది కుదుర్చుకొని మూడు దినములు నిలిచినచో, ఉదయమున బయలుదేరి రాత్రి భోజనమునకు మరలిరాదగిన చోట్లు చుట్టును గలవు. “ఇంకేమున్నది చూచుటకు?” అను పురుషులకు చెప్పుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదటిది పర్ణశాల. దుమ్ముగూడెము మీదుగా సుమారు 35 కిలోమీటర్లు. అచట వాగులోని రాళ్లమీది చారలను జూపి, సీతమ్మ నారచీర లారవేసిన గుర్తులందురు. పంచవటి నాసికయొద్దిదని వాదించువారును గలరు. ఆ తగవు పండితులకు విడుతము. అడవిలోనైనను చీర లుదికి యారవేయుపని యామెకు తప్పలేదని తలచినవారెవరో గాని, గృహిణి మనస్సెరిగినవారు.

రెండవది కిన్నెరసాని. గోదావరిలో గలియు నీ యేటికి పాల్వంచ సమీపమున ఆనకట్ట కట్టగా, అడవినడుమ విశాలమైన జలాశయ మేర్పడినది. చుట్టును అభయారణ్యము, జింకలవనము. నీటిలో మొసళ్లున్నవి, పిల్లలను ఒడ్డునకు పోనీయరాదు. విశ్వనాథ సత్యనారాయణగారి ‘కిన్నెరసాని పాటలు’ చదివినవారికి ఆ నీరు వేరుగ కనబడును. అత్తగారి కాఠిన్యము సైపలేక అడవికి పోయిన కోడలు కరగి యేరైనది. వెంటవచ్చిన మగడు రాయియైనాడు. అత్తాకోడండ్రు కలసి పోయినచో, ఈ కథ యింటికి వచ్చిన పిదప చెప్పుకొనుట మేలు.

ఇక పాపికొండలు. తొందరపడి చూడవలసిన దిదియే. పడవ లెక్కు పోచవరము రేవు 2014లో ఆంధ్రప్రదేశమున జేరిన మండలములోనిది. అచటినుండి కొండలనడుమ నది సన్నగిలి పోవును. పేరంటాలపల్లిలో శివాలయము, కొండమీదనుండి జారు సెలయేరు, కొండరెడ్లు అల్లిన వెదురు వస్తువులు చూడదగినవి. పోలవరము జలాశయము 150 అడుగుల పూర్తిమట్టమునకు నిండినచో ఈ తీరపుపల్లెలలో పెక్కు మునుగును. బుట్టకు పదిరూపాయలు తగ్గింపుమని బేరమాడు సోదరి, దానిని అల్లినచేతులు రేపు ఏ కాలనీలో వెదురుకొరకు వెదకునో యొక్కమారు తలపవలెను.

వరదకాలమున మాత్రము పడవ యెక్కరాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద వరదనీట పడవ మునిగి యెందరో మరణించిరి. భద్రాచలమున నది 43 అడుగులకు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక యిత్తురు. కార్తికము గడచిన పిదప పోవుట మంచిది. అప్పుడును లైఫు జాకెట్టు వేసికొనక పడవపై నడుగిడవలదు. చీర నలుగునని దానిని విప్పి ఒడిలో పెట్టుకొనువారున్నారు. పిల్లలు మనలను జూచియే నేర్తురు.

యాత్రలో పొయ్యిని వెంటగొనిపోవు ఆచారమును కూడ విడువవలెను. పర్ణశాలకు పులిహోర, కిన్నెరసానికి పెరుగన్నము చాలును. పాపికొండలకు పోవునాడు పడవవారే భోజనము పెట్టుదురు. కూరలో ఉప్పు తక్కువైనను సరే, ఆ పూట వండినది మనము కాము.