గుమ్మడిగింజ చేప వన్నె

అందమైన వస్తువును చూచినతోడనే దానిని తన యింటికి గొనిపోవలెనని కోరుట మానవ స్వభావము. ఆ కోరిక యన్నివేళల మెచ్చదగినది కాదని నా యభిప్రాయము. ఉత్తర అమెరికా తూర్పుభాగమున చెరువులలోను, మెల్లగా పారు నేళ్లలోను నివసించు నొక చిన్న చేపయే యిందుకు సాక్ష్యము.

ఇది సూర్యమత్స్యముల కుటుంబములోనిది. ఇరుప్రక్కల నొక్కినట్లు పలుచనై, గుండ్రముగా నుండుటచే దీనిని ఆ దేశీయులు గుమ్మడిగింజ యని పిలుతురు. స్వీడను దేశీయుడగు లిన్నేయసు పండితుడు 1758లో దీనికి శాస్త్రనామ మొసగెను. దీని చెక్కిళ్లపై నీలిగీతలు అలలవలె వంపులు తిరిగియుండును. మొప్పమూత చివర నల్లని మచ్చయు, దాని యంచున నెఱ్ఱని చుక్కయు నుండును. పొట్ట నారింజపండు చాయ. నీరు వేడెక్కి గ్రుడ్లు పెట్టుకాలము రాగానే మగచేప వన్నెలన్నియు మఱింత ప్రకాశించును.

ఈ సింగారము వట్టి వేడుకయని తలంచువారు పొరపడుచున్నారు. ఆ దినములలో మగచేప లోతులేని నీటి యడుగున ఇసుకను తోకతో నూడ్చి, పళ్లెమువంటి గుంట చేయును. ఆడుచేప యందు గ్రుడ్లు పెట్టి వెడలిపోవును. అటుపిమ్మట గ్రుడ్లకు రెక్కలతో నీటిని విసరుచు, దరిజేరిన శత్రువులను తరుముచు, పిల్లలు గూడు విడుచువరకు కావలి కాయునది తండ్రియే. జతను పిలుచుటకును, పోటీదారులను హెచ్చరించుటకును ఆ రంగులు పనికివచ్చును. గృహస్థ ధర్మమునకు ముందు ధరించు దీక్షావస్త్రమువంటి దా వన్నె.

ఐరోపీయులు ఆ వన్నెను మాత్రమే చూచిరి. పందొమ్మిదవ శతాబ్దాంతమున అలంకారార్థమై దీనిని తమ దేశములకు గొనిపోయిరి. తొట్లను, కొలనులను దాటి యది యేళ్లలో వ్యాపించినది. నత్తలను, పురుగులను మెసవుచు అచ్చటి జలచరములకు పోటీయైనది. 2019లో ఐరోపా సమాఖ్య దీనిని హానికరములగు పరదేశ జీవుల పట్టికలో చేర్చి, పెంచుటను, విక్రయించుటను, నీళ్లలో విడుచుటను నిషేధించెను.

ఇందు చేప చేసిన యపరాధ మేమి? స్వస్థలమున నెట్లు పిల్లలను కాపాడెనో, పరస్థలమునను అట్లే కాపాడినది. ఒకచోట సుగుణమైనదే వేఱొకచోట నుపద్రవమైనది. తప్పు దానిని తరలించినవారిది.

సోదర విద్యార్థులారా! గాజుతొట్టిలోని చేపలపై మోజు తీరినప్పుడు వానిని ఊరిచెరువులో విడుచుట దయయని యెంచకుడు. సృష్టికర్త యే జీవి నెచ్చట నుంచెనో, అచ్చటనే దాని యందమును చూచి యానందించుట నిజమైన సౌందర్యారాధనము.