రోగి వివరాలకు తాళం వేద్దాం



మా నూజివీడు ప్రాంతంలో మామిడి కాపు పక్వానికి వచ్చే వేళ ఏ రైతూ తోటను కాపలా లేకుండా విడిచిపెట్టడు. రోడ్డు మీదికి కనబడని తోట కదా అని కంచె మానుకోడు. కాయలకు పాటించే ఈ జాగ్రత్తను మన రోగవివరాల విషయంలో మాత్రం పాటించడం లేదు.

2018 జూన్‌లో మన రాష్ట్రంలో బయటపడిన ఒక సంగతిని గుర్తుచేస్తాను. అన్న సంజీవిని జనరిక్ దుకాణాలలో మందులు కొన్నవారి పేర్లు, ఫోన్ నంబర్లు, వారు కొన్న మందులు ఒక ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరికైనా కనబడే స్థితిలో ఉన్నాయి. స్వతంత్ర పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి దీనిని వెలుగులోకి తెచ్చారు. అక్కడ ఎవరూ తాళం పగలగొట్టలేదు. అసలు తాళమే లేదు.

మందు పేరు తెలిస్తే జబ్బు తెలిసినట్లే. క్షయకో, మానసిక వ్యాధికో మందు వాడుతున్న సంగతి నలుగురికీ పొక్కుతుందన్న భయంతో పొరుగూరికి పోయి మందులు కొనుక్కున్నవారిని, చివరికి మందే మానివేసినవారిని నా వృత్తిజీవితంలో చూశాను. కాబట్టి గోప్యత కేవలం మర్యాదకు సంబంధించినది కాదు, చికిత్సలో భాగం.

నేడు చిన్న ల్యాబులు సైతం రిపోర్టును లింకు రూపంలో ఫోనుకు పంపుతున్నాయి. "ఈ లింకు మీకు తప్ప ఎవరికీ తెలియదు" అంటారు. దాచడం వేరు, తాళం వేయడం వేరు. ఆ లింకు వాట్సాప్‌లో ఒకరి నుండి మరొకరికి చేరవచ్చు. చివరనున్న వరుససంఖ్యను ఒకటి మార్చితే పక్కవారి రిపోర్టు తెరుచుకోవచ్చు. ఇక ఫోన్ నంబరునో, పుట్టిన తేదీనో పాస్‌వర్డుగా పెట్టడమంటే తాళం వేసి చెవిని గుమ్మానికే తగిలించడం. ఆ రెండూ బంధువులందరికీ తెలిసినవే కదా!

అత్యవసర సమయంలో ఈ తాళం ప్రాణానికే అడ్డు కాదా అని మీరు అడగవచ్చు. ఆ సందేహం సహేతుకమే. అందుకే రక్తవర్గం, పడని మందులు, ప్రస్తుతం వాడుతున్న మందులు, ఇంటివారి ఫోన్ నంబరు ఒక కాగితంపై రాసి జేబులో ఉంచుకోండి. వైద్యునికి తక్షణం కావలసినవి అవే. తక్కిన చరిత్రకు తాళం ఉండవలసిందే.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వ్యక్తిగత సమాచారాన్ని సేకరించినవారే దానికి తగిన రక్షణ కల్పించాలని 2023 నాటి చట్టం నిర్దేశిస్తున్నది. కనుక ఈ భారం రోగిది కాదు, రిపోర్టును భద్రపరచేవారిది.

ఈసారి రక్తపరీక్షకు వెళ్లినప్పుడు రిపోర్టు ఎప్పుడు వస్తుందని మాత్రమే కాక, దానిని ఎవరెవరు తెరవగలరని కూడా అడగండి. నలుగురు అడిగితే తాళం అదే పడుతుంది.