గంజాయి మన గడపకు రాలేదా?

ఉస్మానియా యూనివర్సిటీ హాస్టళ్లలో ఉంటున్నది ఎవరి పిల్లలు? నాట్లేసి, పత్తి ఏరి, అప్పుసప్పు చేసి మనం పంపిన పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. క్యాంపస్ దాటితే తార్నాక. అక్కడ ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండి ఉద్యోగ నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసేదీ వాళ్లే. అయినా మత్తుమందుల వార్త వస్తే, అది డబ్బున్నోళ్ల పిల్లల గొడవ అని పేజీ తిప్పేస్తున్నాం. 2017లో హైదరాబాదు కేసులో బడిపిల్లలకూ సరుకు చేరిందని తేలింది. కానీ చర్చంతా సినిమావాళ్ల చుట్టూనే నడిచింది.

2019లో కేంద్ర ప్రభుత్వం వెల్లడించిన సర్వే ప్రకారం 10–17 ఏళ్ల పిల్లల్లో 0.90 శాతం గంజాయి వాడుతున్నారు. జిగురు, వైట్‌నర్ వంటివి పీల్చేవారు పెద్దల్లో 0.58 శాతం ఉంటే పిల్లల్లో 1.17 శాతం. గంజాయి, సారా రెండింటిలోనూ పెద్దలే ముందుంటే, ఇందులో మాత్రం పిల్లలు పెద్దల్ని దాటారు. ఎందుకంటే అది కిరాణా కొట్టులో దొరుకుతుంది, చవక.

"ఆకే గదా, సారా కన్నా నయం" అంటారు కుర్రాళ్లు. ఆ వయసులో మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. చదివింది నిలవదు, కొందరికి మతి చలిస్తుంది కూడా. కానీ ఈ మాట ఆ పిల్లవాడికి చెప్పేదెవరు? పోలీసు చెబితే భయపడతాడు, వినడు.

ఆ ఆకు ఎక్కడిది? అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో, ఒరిస్సా సరిహద్దులో పండింది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో అక్కడ వేల ఎకరాల పంట నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. పసుపుకూ, కాఫీకీ గిట్టుబాటు ధర లేని గిరిజన రైతుకు పెట్టుబడి పెట్టిన దళారీ మాత్రం మంటల్లో కాలలేదు! 20 కిలోలు దాటితే చట్టంలో పదేళ్లకు తక్కువ కాని శిక్ష. మూట మోసిన కూలీ జైల్లో మగ్గుతాడు, సరుకు సొంతదారు బయట తిరుగుతాడు.

ఇక మన ఊరి కల్లు సంగతి. చెట్టు కల్లు చాలక అల్ప్రాజోలం కలుపుతున్నారు. 2015లో దాడులు జరిగి ఆ మందు ఆగిపోగానే నిజామాబాదు జిల్లాలో జనం వణుకుతూ, పిచ్చిచూపులతో ఆస్పత్రులకు పరుగెత్తారు. 2025 సెప్టెంబరులో పాత బోయిన్‌పల్లిలో ఏకంగా ఒక ప్రైవేటు బడి భవనంలోనే ఆ మందు తయారుచేస్తూ పట్టుబడ్డారు. కింద పాఠాలు, పైన విషం. అది చేరేది కల్లు దుకాణాలకే. తండ్రి ఇక్కడ అది తాగి పడుకుంటే, కొడుకు అక్కడ గంజాయి పీలిస్తే, ఎవరిని ఎవరు మందలించాలి?

దూబగుంట ఆడకూలీలు 1992లో సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఆ తల్లులు ఎవర్నీ జైల్లో పెట్టమనలేదు, అమ్మడం ఆపమన్నారు.

సంఘాల కార్యకర్తలు ఊళ్లో తల్లిదండ్రులకు ముందు ఒక మాట చెప్పాలి. వాడే పిల్లవాడు తనంత తానుగా చికిత్సకు వస్తే, కొద్దిపాటి మోతాదు కేసు నుంచి మినహాయింపు చట్టంలోనే ఉంది, 64ఎ సెక్షన్. సహాయానికి ఫోను నెంబరు 14446. జిల్లా ఆస్పత్రిలో వైద్యం ఉందా, మంచాలెన్ని అని ఈసారి మండల సభల్లో నిలదీయండి.