అర్హత ఎవరికి అందుతోంది?

వేసవిలో ఒక మధ్యాహ్నం మా ఆఫీసుకి ఒక అమ్మాయి వచ్చింది. నల్గొండ జిల్లాలో చిన్న రైతు కుటుంబం. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఎం.ఎ. సైకాలజీ పూర్తి కావస్తోంది. చేతిలో ఒక లాంగ్ నోట్‌బుక్, అందులో పేజీ తర్వాత పేజీ ప్రశ్నలే.

"అక్కా, క్లినికల్ సైకాలజిస్టుగా లైసెన్సు రావాలంటే ఏం చదవాలి? ఎక్కడ చదవాలి? నలుగుర్ని అడిగితే నాలుగు రకాలుగా చెప్పారు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల డిప్లొమా చాలన్నారు. నాన్న అప్పు తెచ్చి ఫీజు కట్టాడు. అది దేనికీ పనికిరాదని తర్వాత తెలిసింది."

ఎందుకు ఈ చదువే కావాలనుకున్నావని అడిగాను. కాసేపు ఊరుకుని చెప్పింది. "మా మేనత్తకి పెళ్లయిన మూడేళ్లకి మాట పడిపోయింది. గాలి సోకిందన్నారు. తాయత్తులు కట్టారు, కొట్టారు. చివరికి ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టరుగారు అన్నీ మా మామనే అడిగాడు. మాత్రలు రాసిచ్చాడు. 'నీకేమైందమ్మా' అని అత్తని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ అడిగే మనిషిని నేను కావాలి."

ఆ మాట విన్నాక ఆమెను ఊరికే పంపెయ్యలేకపోయాం. వారం రోజులు చట్టాలూ నోటిఫికేషన్లూ ముందేసుకుని కూర్చున్నాం. మాకు అర్థమైనదంతా ఇక్కడ రాస్తున్నాను. మన జిల్లా కేంద్రాల్లో పనిచేసే కార్యకర్తల్ని ఇలాంటి అమ్మాయిలు అడుగుతూనే ఉంటారు. పైగా ఈ ప్రశ్న ఒక అమ్మాయి ఉద్యోగానికి సంబంధించింది మాత్రమే కాదు. బాధలో ఉన్న స్త్రీ మాట వినే అధికారం సమాజం ఎవరి చేతుల్లో పెడుతోందన్న ప్రశ్న కూడా ఇందులో ఉంది.

ముందు చట్టం సంగతి. సైకియాట్రిస్టు వేరు, క్లినికల్ సైకాలజిస్టు వేరు. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. చదివి ఆపైన మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. మానసిక పరీక్షలు చేస్తారు, సమస్యను అంచనా వేస్తారు, మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తారు. ఈ వృత్తికి గుర్తింపు ఇచ్చేది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. 1992లో వచ్చిన చట్టం కింద ఏర్పడిన సంస్థ ఇది. అది గుర్తించిన చోట గుర్తించిన కోర్సు చదివి, దాని కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. అలా నమోదు కాకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ వెయ్యొచ్చని ఆ చట్టంలోనే ఉంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో నిర్వచించింది. కౌన్సిల్ గుర్తించిన సంస్థ నుంచి గుర్తింపు పొందిన క్లినికల్ సైకాలజీ అర్హత ఉండాలి. లేదా సైకాలజీలో పి.జి. చేసి, ఆపైన పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో కూడిన రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎం.ఫిల్. చేసి ఉండాలి. ఆ ఎం.ఫిల్.కీ కౌన్సిల్ గుర్తింపు ఉండాలి. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర కూడా నమోదు అవసరమని అదే చట్టం చెబుతోంది. అంటే వట్టి ఎం.ఎ. సరిపోదు, ఆరు నెలల డిప్లొమా అసలే సరిపోదు.

ఇంతవరకు స్పష్టంగానే ఉంది. చిక్కు ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. జాతీయ విద్యా విధానం పేరుతో యూ.జీ.సీ. 2022లో ఎం.ఫిల్.ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీ మొత్తం ఎం.ఫిల్. మీదే నిలబడి ఉందని ఆ తర్వాత గుర్తొచ్చినట్టుంది. 2024 జనవరిలో, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్.లలో మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా చేర్చుకోవచ్చని సడలింపు ఇచ్చింది. దాని స్థానంలో కౌన్సిల్ కొత్త డిగ్రీలు తెస్తోంది. పాత మెట్లు తీసేస్తూ కొత్త మెట్లు కడుతున్నారన్నమాట. మధ్యలో నిలబడిన అమ్మాయిల్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ సడలింపు గడువు చదివిన రాత్రి తనకి నిద్ర పట్టలేదని ఈ అమ్మాయి చెప్పింది.

మరో మార్పు మనకింకా దగ్గరది. 2025-26 నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో సైకాలజీ కోర్సులు నడపకూడదని యూ.జీ.సీ. 2025 ఆగస్టులో ఆదేశించింది. ఆరోగ్య అనుబంధ వృత్తులపై 2021లో వచ్చిన జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి సైకాలజీ కూడా వస్తుందన్నది కారణం. రోగిని చూడకుండా, పర్యవేక్షణ లేకుండా పోస్టులో వచ్చిన పుస్తకాలతో వైద్యం నేర్చుకోలేమన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ దూరవిద్యలో చదివేదెవరు? పదో తరగతి తర్వాతో, ఇంటర్ తర్వాతో పెళ్లయిపోయి, పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ పుస్తకం పట్టిన ఆడవాళ్లు. అంగన్‌వాడీలో, బడిలో పనిచేస్తూ చదువుకునేవాళ్లు. నాకు తెలిసిన మంచి కౌన్సెలర్లలో సగం మంది అలా చదివినవాళ్లే. ఆ తలుపు మూసేటప్పుడు పక్కన ఇంకొకటి తెరవాలి కదా? సాయంత్రం తరగతులు, జిల్లా కాలేజీల్లో సీట్లు, పిల్లలున్న తల్లులకి హాస్టలు ఏర్పాటు చేసి మూస్తే అర్థం ఉండేది. అవేవీ లేకుండా మూశారు.

సైకాలజీ తరగతి గదుల్లోకి వెళ్లి చూడండి, నిండా ఆడపిల్లలే. ఆ గది నుంచి లైసెన్సు దాకా వెళ్లేది ఎందరు? రెండేళ్ల ఫుల్‌టైమ్ శిక్షణ అంటే రెండేళ్లు సంపాదన లేకుండా పట్నంలో ఉండాలి. ఒక్కో సంస్థకి కౌన్సిల్ అనుమతించే సీట్లు కొద్దే. ప్రభుత్వ సంస్థల్లో దొరక్కపోతే ప్రైవేటు ఫీజులు కట్టాలి. ప్రవేశ పరీక్ష ఇంగ్లీషులో, పుస్తకాలు ఇంగ్లీషులో. ఇరవై మూడేళ్లొచ్చిన కూతురికి ఇంకో రెండేళ్లు చదువంటే ఏ తండ్రి అయినా ముందు పెళ్లి సంగతి ఎత్తుతాడు. ఇన్ని వడపోతల తర్వాత మిగిలేది ఎవరో చెప్పనక్కర్లేదు. పట్నం, ఇంగ్లీషు చదువు, కాస్త డబ్బూ కులబలమూ ఉన్నవాళ్లు. వాళ్లు మంచివాళ్లు కారని కాదు. మేనత్త మాట వాళ్ల చెవికి ఏ భాషలో చేరుతుందన్నదే నా ప్రశ్న.

కొరత ఎంతుందో చూడండి. 2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఆ 12 రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. అంటే మన సంగతి ఆ లెక్కలోకి కూడా రాలేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైనప్పుడు ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఇన్నేళ్ల తర్వాత కూడా జిల్లాల నుంచి ఆడవాళ్లు బస్సెక్కి ఎర్రగడ్డ ఆస్పత్రికి రావలసి వస్తోంది.

ఇంత కష్టమైతే ఈ లైసెన్సు గొడవ మనకెందుకు, మన కౌన్సెలింగు మనం చేసుకుందామని కొందరు మిత్రులు అంటారు. నేను ఒప్పుకోను. సర్టిఫికెట్టు ఎవరు ఇస్తారన్నది మన కేసుల్లో చావుబతుకుల సమస్య. హిందూ వివాహ చట్టం మానసిక రుగ్మతను విడాకులకు ఒక కారణంగా ఒప్పుకుంటుంది. భార్యను వదిలించుకోవాలనుకున్న భర్త ముందు "పిచ్చిది" అంటాడు, తర్వాత ఎక్కణ్ణుంచో ఒక కాగితం తెస్తాడు. 1988లో రామ్ నారాయణ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టినంత మాత్రాన విడాకులు ఇవ్వలేమనీ, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రత ఉందా లేదా అన్నది చూడాలనీ చెప్పి భర్త అప్పీలును తోసిపుచ్చింది. 2017 చట్టం ఇంకా ముందుకెళ్లింది. ఊరి నీతికీ, కులాచారానికీ, మతనమ్మకానికీ ఒదగనంత మాత్రాన ఎవరికీ మానసిక వ్యాధి ఉన్నట్టు నిర్ణయించకూడదు. గతంలో ఆస్పత్రిలో ఉన్నారన్న ఒక్క కారణంతో ఇప్పుడూ రోగి అనకూడదు. కోర్టులో ఒక పక్షం మానసిక వ్యాధికి రుజువు తెచ్చి, రెండో పక్షం దాన్ని సవాలు చేస్తే, కోర్టు ఆ విషయాన్ని మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు పరిశీలనకు పంపాలి. ఇది 105వ సెక్షను. మన లాయర్లు దీన్ని వాడుతున్నారా? భర్త తెచ్చిన కాగితం మీద సంతకం చేసినవారి రిజిస్ట్రేషన్ నంబరు మనం అడుగుతున్నామా? అడగాలి. ఆ అడిగే హక్కు లైసెన్సు వ్యవస్థ వల్లనే మనకి వచ్చింది. ఈ అమ్మాయి తండ్రి అప్పుని మింగిన ఇన్‌స్టిట్యూట్‌ను నిలదీయగలిగేదీ దానివల్లనే.

అయితే లైసెన్సు ఉంటే చాలా? చాలదు. రిజిస్టరులో పేరున్నవాళ్లు కూడా భర్త చెప్పిందే రాసుకోవచ్చు. దెబ్బలు తిన్న స్త్రీకి "సర్దుకుపోవడం" నేర్పొచ్చు. నిద్రపట్టకపోవడం, గుండెదడ, ఏడుపు అన్నీ ఆమె మెదడులోని లోపాలేనని రాసి, తాగొచ్చే భర్త గురించి ఒక్క వాక్యం రాయకపోవచ్చు. స్త్రీల మానసిక వేదనని వాళ్ల జీవితం నుంచి విడదీసి చూడకూడదని మన దేశంలో గట్టిగా వాదించినవాళ్లలో భార్గవి దావర్ ఒకరు. 1999లో ఆమె రాసిన పుస్తకం భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యానికి స్త్రీవాద ఎజెండాను ప్రతిపాదించింది. ఆ ప్రశ్నలు శిక్షణలో భాగం కావాలి. గృహహింస చట్టం, వరకట్నం, కులం, తాగుడు, అప్పులు తెలియకుండా మన ఆడవాళ్ల మనసు ఎవరికి తెలుస్తుంది?

రెండో వైపు నుంచి కూడా ఒక ప్రమాదం ఉంది. 2021 చట్టం సైకాలజిస్టులతో పాటు పలురకాల కౌన్సెలర్లను కూడా నమోదు పరిధిలోకి తెచ్చింది. పదిహేనేళ్లుగా మహిళా సంఘాల్లో, సఖి కేంద్రాల్లో స్త్రీల మాట వింటున్నవాళ్ల స్థానం ఇందులో ఏమిటి? వాళ్లలో చాలామందికి డిగ్రీ లేదు, అనుభవం ఉంది. అనుభవం ఉంది కదా అని అన్నీ చెయ్యగలమనుకోవడం తప్పు. ఆత్మహత్య ఆలోచనలున్న మనిషిని, వాస్తవంతో సంబంధం తెగిపోయిన మనిషిని నిపుణుల దగ్గరికి పంపాలి. మనం కూడా కొన్నిసార్లు ఆలస్యం చేశాం, ఒప్పుకోవాలి. అదే సమయంలో డిగ్రీ లేదని ఈ స్త్రీలను బయటికి నెట్టేస్తే, గ్రామంలో మొదట విని, మొదట చెయ్యి పట్టుకునే మనిషి ఉండదు. ఇద్దరూ కావాలి. ఒకరి పని ఎక్కడ ముగిసి ఇంకొకరిది ఎక్కడ మొదలవుతుందో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి.

అందుకని మన సంఘాలు కొన్ని విషయాలు గట్టిగా అడగాలని నా ప్రతిపాదన. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ సంస్థల్లో క్లినికల్ సైకాలజీ శిక్షణ సీట్లు పెంచాలి. శిక్షణ కాలమంతా స్టైపెండు, హాస్టలు ఇవ్వాలి. పాత కోర్సు నుంచి కొత్త కోర్సుకు మారే కాలంలో ఎం.ఎ. చేసిన అమ్మాయిలు నష్టపోకుండా దారి చూపాలి. రోగితో మాట్లాడాల్సింది తెలుగులో కాబట్టి ఆ శిక్షణ తెలుగులోనూ ఉండాలి. ఉర్దూ, గోండి, కోయ మాట్లాడే స్త్రీలకు ఆ భాష తెలిసినవాళ్లు ఉండాలి. గుర్తింపు పొందిన సంస్థల జాబితా ప్రతి డిగ్రీ కాలేజీలో తెలుగులో అతికించాలి. అనుభవం ఉన్న కౌన్సెలర్లకి డిగ్రీ దాకా వెళ్లే మెట్లు కట్టాలి. ఇవన్నీ దయాదానం కింద అడగడం లేదు. ప్రభుత్వం నడిపే సేవల ద్వారా మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని 2017 చట్టం 18వ సెక్షను చెబుతోంది. వైద్యం చేసే మనుషుల్ని తయారుచెయ్యకుండా ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది.

జిల్లాల్లో మిత్రులకి ఒక చిన్న పని. మీ దగ్గరికి ఇలాంటి అమ్మాయి వస్తే, ఫీజు కట్టకముందే ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు కౌన్సిల్ జాబితాలో ఉన్నాయో లేవో, అనుమతి ఏ సంవత్సరం దాకా ఉందో దగ్గర కూర్చుని చూపించండి. ఎవరైనా ప్రాణం తీసుకోవాలన్నంత బాధలో ఉంటే 14416 నంబరు చెప్పండి. 2022లో మొదలైన టెలీ మానస్ సేవ అది. తెలుగులోనూ మాట్లాడతారు.

నోట్‌బుక్ అమ్మాయి ప్రవేశ పరీక్షకి చదువుతోంది. వాళ్ల నాన్న ఒక్క ఏడాది గడువిచ్చాడు. ఆ ఏడాదిలో సీటు రాకపోతే సంబంధం చూస్తానన్నాడట. ఇంగ్లీషు పుస్తకాలు అర్థం చేసుకోవడంలో మా మిత్రురాలు ఒకామె వారానికి రెండు సాయంత్రాలు సాయం చేస్తోంది. మేం చెయ్యగలిగింది అంతే. ఒక అమ్మాయికి ఇద్దరు అక్కలు దొరికితే సరిపోయే వ్యవస్థ కాదిది. మేనత్తని "నీకేమైందమ్మా" అని అడిగే మనిషి ఆ ఊళ్లోంచే రావాలంటే, ఆ ఒక్క ఏడాది గడువుతో ఆమె ఒంటరిగా పోరాడాల్సిన పరిస్థితి పోవాలి. దానికోసం మనం ఏం చేద్దాం? వచ్చే సంచికకి మీ జిల్లాల నుంచి రాయండి.