ఇరుకులో పడవపని

ఇల్లు చక్కబెట్టుకొనుట యనగానే మనకు వంటయిల్లును, వాకిలియు, పాత్రసామగ్రియు జ్ఞప్తికి వచ్చును. పులికాటు సరస్సు నానుకొనియున్న తడ ప్రాంతపు పల్లెలలోనైతే గృహోపకరణములలో మొదటిది పడవయే. అది చిల్లివడిన నాడు ఇంట పొయ్యి రాజదు. కావున ఈ మాసము పడవ మరమ్మతును గూర్చి నాలుగు మాటలు ముచ్చటింప దలచితిమి.

తడ 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిది. పిమ్మట తిరుపతి జిల్లాలో చేరినది. దానికి సమీపమున నున్న భీములవారిపాలెపు రేవునుండి ఇరకము దీవికి జనులు పడవలమీద పోవుదురు. సరస్సు విశాలమే కాని లోతులేనిది. పెక్కుచోట్ల మనిషి నిలువెడు నీరైనను ఉండదు. అందుచేత పడవ అడుగు ఇసుకకును గుల్లలకును ఒరసికొని అరుగుచుండును. ఏటేట దానిని బాగుచేసికొనక తప్పదు.

పనివానిని పిలిపింతమన్న కూలి యొక ఖర్చు. అతని కొరకు వేచియున్న దినముల వేట నష్టము మఱియొక ఖర్చు. కావున పడవవాడే ఉలియు సుత్తియు చేతబట్టి పనికి దిగును. చిక్కు అక్కడనే ఆరంభమగును. నీరుకారు చోటు చేతికందు తావున నుండుట అరుదు. అది పడవ మొనలో పైపలకల క్రిందనో, అడ్డకొయ్యల నడుమనో యుండును. అచ్చట భుజము పట్టును గాని సుత్తి నెత్తుటకు జాగా చాలదు. చేయి చేరినచోటికి చూపు చేరదు; చూడబోయిన తన తలయే వెలుగున కడ్డమగును. జారిన చీల సందున బడి చిటికెనవ్రేలికి సైతము అందదు. గాదె అడుగున మిగిలిన గింజలను ఊడ్చుటకు తల దూర్చిన యిల్లాండ్రకు ఈ బాధను వేరుగ వర్ణింప నక్కరలేదు. సాయంకాలము పడవను నీట దింపిన, చిల్లి పూడినట్లే యుండును గాని ప్రక్క అతుకున నీరూరును! చేసినవానికి నేర్పులేక కాదు. ఇరుకున తొందరపడి చేసిన పని రెండవమారు చేయించుకొనక మానదు.

చెన్నపట్టణమునకు ఓడరేవు కట్టకమునుపు, దూరముగ నిలిచిన ఓడలనుండి జనులను సరకులను ఒడ్డునకు జేర్చినవి మసూలా పడవలు. వానికి ఇనుపచీలలు లేవు. పలకలకు తూట్లు పొడిచి కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టెడివారు. కెరటము కొట్టినప్పుడు ఆ పడవ పగులక కొంత వంగి సర్దుకొనెడిది. కుట్టు తెగినచో ఆ మేర విప్పి మరల కుట్టెడివారు. చినిగిన చీరకు మనము చేయునదియు నదియే కదా!

కొయ్యపడవకు మఱియొక శత్రువు కలదు. ఉప్పునీట నుండు ఓడపురుగు పేరునకు పురుగే కాని జాతిచే ఆలిచిప్పలకు చుట్టము. పైన సూదిమొనంత రంధ్రము చేసి లోపల కొయ్యనంతయు డొల్లచేయును. ఈ జీవి త్రోవ తొలుచు విధమును జూచియే మార్క్ బ్రూనెల్ అను ఇంజనీరు నేల తొలుచు యంత్రపు చట్రము నూహించి 1818లో హక్కుపత్రము పొందెననియు, 1843లో తెరువబడిన లండనులోని థేమ్సునది సొరంగమునకు అదియే ఆధారమనియు చెప్పుదురు. కుండ కొనునప్పుడు మ్రోగించి చూచునట్లు పలకను తట్టి చూచిన డొల్లతనము చెవికి తెలియును. కన్ను చేరని ఇరుకున చెవియే సాధనము.

ఇప్పుడు ఫైబరు పడవలు విరివిగ వచ్చినవి. వీనికి పురుగు భయము లేదు. కాని మరమ్మతులో ప్రాణభయమే కలదు. చిల్లిమీద గాజునార పరచి పూయు రెజిను అను జిగురు నుండి లేచు ఆవిరి గాలికంటె బరువైనది. పడవ గర్భమున దిగి నిలుచును. తల తిరుగుట, కన్నులు మండుట దాని మొదటి గురుతులు. ముక్కునకు తడిగుడ్డ కట్టినంత మాత్రమున ఆ ఆవిరి ఆగదు. అది అంటుకొను గుణము కలదియు నగుటచే కిరసనాయిలు దీపముగాని చుట్టగాని దరికి రారాదు. జిగురును గట్టిపరచు ద్రవమును, దానిని త్వరపెట్టు కోబాల్టు ద్రవమును ఎన్నడును సూటిగ కలుపరాదు, కలిపిన ప్రేలును. తూర్పుతీరమున సముద్రవేట నిలిపివేయు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు గల 61 దినములలోనే పడవలను ఎక్కువగా బాగుచేయుదురు. ఆ యెండలకు జిగురు వేగముగ బిగియును గావున కొంచెము కొంచెముగనే కలుపుకొనవలయును.

ఇందు మన స్త్రీల కేమి పని యని కొంద రడుగవచ్చును. దీపము పట్టుకొని నిలుచునది ఎవరు? లోపలివాని పలుకు తడబడిన ముందుగ వినునది ఎవరు? కావున పైమూతలన్నియు తీయించుడు, గాలియాడనిండు, చేతిదీపమునే వాడుడు, పిల్లలను దూరముగ నుంచుడు, ఇంటివానిని ఒంటరిగ లోనికి దిగనీయకుడు. ఒక దినము ఆలస్యమైన ఒక దినపు కూలి పోవును. తొందరపడిన కూలి తెచ్చు మనిషియే పోవచ్చును.

1992లో ఈ నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలే సారాపై పోరు సాగించిరి. పిమ్మట జిల్లాలో పొదుపు సంఘములు విరివిగ వెలసినవి. అట్టి సంఘములు తలచుకొనిన రేవున కొక్క పాక అసాధ్యము కాదు. నలుదిక్కుల గాలియాడునదియై, పడవను ఒరిగించుటకు చాలిన జాగాయు, నలుగురికి ఉమ్మడి పనిముట్లును గలదైన చాలును. పడవలోని ఇరుకు పోదు. చుట్టునున్న ఇరుకునైనను మనము పోగొట్టవచ్చును.