ఒక కంప్యూటరు, మూడు గదులు

పోయిన సంఘం మీటింగులో "పిల్లలు తెలుగు మాట్లాడటం లేదు" అని తెలుగు క్లాసును తప్పు పట్టారు. నేను ఒప్పుకోను.

మా మనవడి ఆటల కంప్యూటరు మేడ మీద ఉంది. దాన్ని హాలుకూ, ఇంకో రెండు గదులకూ కలపమన్నాడు. కుదురుతుంది. యూఎస్‌బీ 2.0 వైరు 5 మీటర్లు దాటితే నమ్మకం లేదు. లాన్ వైరు 100 మీటర్ల దాకా పోతుంది. టీవీకి చిన్న పెట్టె తగిలిస్తే పైన నడిచే ఆట కింద కనిపిస్తుంది. వైరుకు డబ్బు నేనే ఇచ్చాను, హాలుకు మాత్రమే. గదులకు వద్దన్నాను.

ఎందుకంటారా? నేను చదివింది తమిళ మీడియం. నాకు తెలుగు నేర్పింది బడి కాదు; అందరమూ ఒకే గదిలో ఉంటే మా అవ్వ మాట్లాడిన మాటలు. మనం గదికొక తెర పెట్టి, తలుపు మూసి, వారానికి ఒక గంట చెప్పే టీచరమ్మను అడుగుతామా?

ఆటను తిట్టకండి. హాల్లో ఆడనివ్వండి. పక్కన కూర్చుని "ఇదేందిరా?" అని అడగండి. మావాడు సగం తమిళం కలిపి అయినా తెలుగులోనే జవాబు చెప్తున్నాడు.