తోకకు వెల కట్టిన తెలివి

నదిలో సాల్మన్ తగ్గితే దాన్ని తినే చేపను చంపాలి. అమెరికా పశ్చిమ తీరంలో వందేళ్లుగా చెలామణీలో ఉన్న వాదమిది. తినే నోళ్లు తగ్గితే మిగిలేవి పెరుగుతాయట! వినడానికి ఎంత సూటిగా ఉందో! ఈ లెక్కను నమ్ముకుని అలాస్కా ఒకప్పుడు ఏం చేసిందో చూస్తే, అందులో పస ఎంతో తేలిపోతుంది.

అక్కడి నదుల్లో డాలీ వార్డెన్ అనే చేప ఉంది. ట్రౌట్‌కూ సాల్మన్‌కూ దగ్గర చుట్టమైన చార్ జాతిది, చల్లటి నీళ్ల చేప. ట్రౌట్‌కు లేత ఒంటి మీద నల్ల మచ్చలు ఉంటాయి, చార్‌కు ముదురు ఒంటి మీద లేత మచ్చలు. సాల్మన్ గుడ్లనూ పిల్లలనూ తింటుందన్న నేరం మోపి, 1921 నుంచి సుమారు ఇరవై ఏళ్లు దీని తోకకు వెల కట్టారు. ఒక్కో తోకకు రెండున్నర నుంచి ఐదు సెంట్లు. జనం చేపను పట్టి, తోక కోసి, ఎండబెట్టి, తీగకు గుచ్చి కట్టలుగా తెచ్చిచ్చేవారు. అలా లక్షల తోకలకు డబ్బు ముట్టింది. 1939లో అక్కడి యాకుటాట్ అనే ఊళ్లో పోగైన 20,000 తోకలను పరీక్షిస్తే, వాటిలో ఎక్కువ భాగం కోహో సాల్మన్‌వి, రెయిన్‌బో ట్రౌట్‌వి అని బయటపడింది. డాలీ వార్డెన్‌వి కొద్దే. ఒంటి మీది మచ్చలు తోకతో పాటు రావు కదా! సాల్మన్‌ను కాపాడమని ఇచ్చిన డబ్బుతో సాల్మన్‌నే చంపించారు.

పోనీ, తోకలన్నీ డాలీ వార్డెన్‌వే అనుకుందాం. అప్పుడైనా ఒరిగేదేమిటి? సాల్మన్ గులకరాళ్లలో గుంట చేసి, గుడ్లు పెట్టి, కప్పేస్తుంది. తర్వాత వచ్చిన ఆడచేప అదే చోట మళ్లీ తవ్విందంటే పాత గుడ్లు పైకి లేచి ప్రవాహంలో పడతాయి. డాలీ వార్డెన్ ఎక్కువగా ఏరుకుతినేది వీటినే. ఆ గుడ్లు ఎలాగూ పిల్లలయ్యేవి కావు. మరి పిల్లలను తినదా? తింటుంది. వేల ఏళ్లుగా తింటూనే ఉంది, నదులు సాల్మన్‌తో నిండుతూనే వచ్చాయి.

మరి సాల్మన్‌ను తగ్గించిందెవరు? చేపలను డబ్బాల్లో నింపి అమ్మే క్యానరీల కోసం తీరం వెంట పెద్ద పెద్ద ఉచ్చులు వేశారు. గుడ్లు పెట్టడానికి నదికి తిరిగొచ్చే చేపను అవి దారిలోనే పట్టేశాయి. తోకల వేట ముగిసి పదేళ్లు దాటినా సాల్మన్ కోలుకోలేదు సరికదా, 1953లో అమెరికా ప్రభుత్వం అక్కడి మత్స్యకార ప్రాంతాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించాల్సి వచ్చింది. అలాస్కా రాష్ట్రమయ్యాక, 1959లో గానీ ఆ ఉచ్చులకు నిషేధం రాలేదు. క్యానరీల జోలికి వెళ్లే ధైర్యం లేక అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నారు.

ఇదంతా పాత కథే కదా అని కొట్టిపారేయలేం. అదే పశ్చిమ తీరంలోని కొలంబియా నదిలో పైక్‌మినో అనే స్థానిక చేపను పట్టి తెచ్చినవారికి 1990 నుంచి డబ్బిస్తున్నారు. ఆనకట్టలు ఆ నదిని నిలవనీటి జలాశయాల వరుసగా మార్చేశాయి. సముద్రానికి వెళ్లే సాల్మన్ పిల్లలు అక్కడ ఆలస్యమై, అలసి, పైక్‌మినోకు సులువుగా చిక్కుతాయి. ఈ పథకానికి ఖర్చు పెట్టేది ఆ ఆనకట్టల కరెంటు అమ్మే సంస్థే! సాల్మన్ పిల్లల నష్టం బాగా తగ్గిందని నిర్వాహకులు చెబుతారు. తగ్గి ఉండవచ్చు. కానీ ఆ పిల్లలను పైక్‌మినో నోటికి అందించిన ఆనకట్టలు ఉన్నచోటే ఉన్నాయి.

మన రైతులు చెరువులో కట్ల, రోహు పిల్లలను వదిలే ముందు కొర్రమీనును ఏరేయరా అని అడగవచ్చు. ఏరేస్తారు. అక్కడ నీళ్లు పెట్టేదీ, మేత వేసేదీ, చివరికి పట్టుకునేదీ రైతే. నది ఎవరి పెంపకం చెరువూ కాదు.

మరి అమెరికాలోనే ఉన్న ఎల్లోస్టోన్ సరస్సు సంగతేమిటంటారా? అక్కడ ఏటా వలలు వేసి చంపుతున్న లేక్ ట్రౌట్ కూడా చార్ జాతిదే. ఆ పని సబబే. 1994లో బయటపడిన ఆ చేప ఆ సరస్సుది కాదు, మనుషులు అక్రమంగా తెచ్చి వదిలినది. అది అక్కడి కట్‌థ్రోట్ ట్రౌట్‌ను ఊడ్చేసింది. కట్‌థ్రోట్ గుడ్లు పెట్టడానికి లోతులేని వాగుల్లోకి ఎక్కి ఎలుగుబంట్లకు ఆహారమయ్యేది. లోతు నీళ్లలో ఉండే లేక్ ట్రౌట్ వాటికి అందదు. అదే లేక్ ట్రౌట్ గ్రేట్ లేక్స్‌కు స్థానిక చేప. అక్కడ మితిమీరిన వేట, సముద్రం నుంచి వచ్చి చేరిన ల్యాంప్రే అనే పరాన్నజీవి చేప కలిసి దాన్ని దాదాపు తుడిచిపెడితే, ప్రభుత్వమే పిల్లలను పెంచి వదులుతోంది. రెండు నిర్ణయాలూ సరైనవే. ఎందుకంటే రెండు చోట్లా చూసింది ఆ చేప ఏం తింటోందని మాత్రమే కాదు, ఆ నీళ్లు దానివా కావా అని.

కాబట్టి ఏ ప్రభుత్వమైనా ఒక స్థానిక చేప తలకో తోకకో వెల కట్టినప్పుడు ముందు ఉచ్చుల లెక్క, ఆనకట్టల లెక్క అడగండి. అవి చూపించేదాకా ఆ చేప మీద మోపిన నేరాన్ని నమ్మకండి.